వాంగ్మూలంలో తీసేసిన పేరా

క్రిస్పిన్ మైదానా పడవలు చేసేవాడు. ఇప్పటికీ చేస్తున్నాడు. మా పేటలో, పరానా నది గట్టు మీద, రేకుల షెడ్డు కింద కూర్చుని పలకల సందుల్లో పీచు దట్టించి పైన తారు పూస్తాడు. ఎడమ పాదానికి మూడు వేళ్లు లేవు. అందుకని నడిచేటప్పుడు కుడివైపుకి కాస్త ఒరుగుతాడు. జాలర్లు ఎవరికైనా అతని చేతి పడవ కావాలంటే ఏడాది ముందు చెప్పుకోవాలి. తొందరపెడితే "నీకు పడవ కావాలా, శవపెట్టె కావాలా? పెట్టె అయితే రేపిస్తా" అంటాడు.

నేను అతని ఇంటికి నాలుగిళ్ల అవతల పుట్టాను. నా పేరు తెయొదోరా, అందరూ తోతా అంటారు. శాసనసభ్యురాలు సులేమా అర్రియెతా గారి ఆఫీసులో పదకొండేళ్లు టైపిస్టుగా పనిచేశాను. క్రిస్పిన్‌కి జరిగినదాంట్లో నా వేళ్ల పనితనం కూడా ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు తర్వాత నోరు తడబడదు.

ఎనభై రెండులో, మా దేశానికి దక్షిణాన సముద్రంలో ఉన్న మాల్వినాస్ దీవుల కోసం ఇంగ్లీషు వాళ్లతో యుద్ధం వచ్చినప్పుడు క్రిస్పిన్‌కి పంతొమ్మిదేళ్లు. సైన్యానికి కుర్రాళ్లని ఎంచే లాటరీలో నంబరు తగిలి సైన్యంలో ఏడాది చాకిరీ చేస్తున్నాడు. అదే వీధిలో పుట్టిన బల్తసార్ అయాలాది కూడా బ్యారక్‌లో అతని పక్క మంచమే. చలికాలంలో కూడా చొక్కా విప్పి తిరిగే మా నది ఒడ్డు పిల్లల్ని, పల్చటి కోట్లు తొడిగి, మంచు పడే దీవుల్లో దింపారు. ఇద్దరూ బతికి తిరిగొచ్చారు. క్రిస్పిన్ చలికి కాలివేళ్లు పోగొట్టుకుని వచ్చాడు. బల్తసార్ ఒంటి మీద ఒక్క గాయం లేదు.

గాయం లేనందువల్లే తర్వాత అతని భార్య ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. తిరిగొచ్చాక బల్తసార్ పొగాకు గోదాముల్లో పనిచేశాడు, దెల్మీరాని పెళ్లి చేసుకున్నాడు, ఒక కూతురు పుట్టింది. మిరియన్ అని పేరు పెట్టారు. చర్చిలో పిల్ల జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడింది క్రిస్పినే. అప్పటినుంచి దెల్మీరా అతన్ని "కొంపాద్రే" అని, అతను ఆమెని "కొమాద్రే" అని పిలుచుకుంటారు. మా దగ్గర ఆ చుట్టరికం రక్తసంబంధం కన్నా గట్టిది. వాన పడ్డ రోజుల్లో బల్తసార్ పనికి వెళ్లేవాడు కాదు. గోడకి ఆనుకుని మణికట్లు రుద్దుకుంటూ కూర్చునేవాడు. తొంభై నాలుగులో, అలాంటి వానాకాలంలోనే, తన ప్రాణం తానే తీసుకున్నాడు.

యుద్ధంలో చనిపోయిన వాళ్ల కుటుంబాలకి ఒక చట్టం ఉండేది. బతికొచ్చిన వాళ్లకి ఇంకొకటి ఉండేది. బతికొచ్చి, ఇంట్లో ఇలా పోయినవాళ్ల కుటుంబాలకి మాత్రం మా రాష్ట్రంలో ఏమీ లేదు. దెల్మీరా ఏ కిటికీ దగ్గర నిలబడ్డా "వ్యక్తిగత కారణాలమ్మా" అని కాగితం వెనక్కి తోసేవారు. ఆవిడ హోటల్ దుప్పట్లు ఉతికి పిల్లని పెంచింది.

సులేమా గారు శాసనసభకి వెళ్లకముందు ఇరవై ఏళ్లు ఆసుపత్రిలో నర్సు. బల్తసార్‌ని తెచ్చిన రోజు డ్యూటీలో ఉన్నది ఆవిడే. అలాంటి వాళ్లని ఇంకో ఇద్దర్ని చూసిందట. గెలిచాక ఆవిడ తయారుచేసిన మొదటి బిల్లు ఈ కుటుంబాల గురించే: నెలనెలా పింఛను, ఆసుపత్రి కార్డు, పిల్లల చదువు. కారు లేదు, బస్సుల్లో తిరిగి, మోకాళ్ల లోతు బురదలో నడిచి, రాష్ట్రమంతటా వెతికితే ముప్పై ఎనిమిది ఇళ్లు తేలాయి. ఒక్కో ఇంట్లో కూర్చుని, వాళ్లిచ్చిన చల్లటి తెరెరే కషాయం తాగి, వాళ్లు ఏడిస్తే పక్కన ఉండి వచ్చేది. సులేమా గారు దొంగ కాదు. ఆవిడ దొంగ అయ్యుంటే నాకు ఇదంతా ఇంత రోతగా ఉండేది కాదు.

సభా సంఘం వాళ్లు ఒక మెలిక పెట్టారు. ఈ చావులకి యుద్ధమే కారణమని ఎవరు చెప్పొచ్చారు, ఋజువు తెమ్మన్నారు. దీవుల్లో బల్తసార్‌కి ఏం జరిగిందో చూసినవాడు క్రిస్పిన్ ఒక్కడే మిగిలాడు. సులేమా గారు మూడుసార్లు కబురు పెట్టింది. మూడుసార్లూ "తారు కాగుతోంది, రాలేను" అని జవాబు వచ్చింది. నాలుగోసారి పిలవకుండానే వచ్చాడు. స్నానం చేసి, పెళ్లిళ్లకి వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని, నా బల్ల ఎదురుగా కూర్చున్నాడు.

"రాసుకో తోతా. ఒక్కసారే చెప్తా. మళ్లీ అడగొద్దు."

"మెల్లగా చెప్పండి దోన్ క్రిస్పిన్."

"నువ్వు రాసే వేగానికే చెప్తాలే."

అతను చెప్పింది ఇది. దీవుల్లో వాళ్లు తలదాచుకునే గుంటకి పదకొండు రోజులుగా సరైన తిండి లేదు. రోజుకి ఒక గరిటె నీళ్లలాంటి సూపు. వాళ్ల అధికారి ఓలసాబల్ అనే కుర్ర లెఫ్టినెంట్, వీళ్లకన్నా నాలుగైదేళ్లు పెద్ద. ఆయన డేరాలో డబ్బా మాంసం ఉండేది. ఒకరోజు బల్తసార్ దగ్గర్లోని ఫారంలోంచి ఒక గొర్రెపిల్లని పట్టుకొచ్చాడు. ముగ్గురు కుర్రాళ్లు దాన్ని సగం పచ్చిగానే తిన్నారు. వాసన పట్టి ఓలసాబల్ వచ్చాడు. ఎవడు తెచ్చాడని అడిగితే బల్తసార్ దాచలేదు.

"నేల మీద నాలుగు ఇనప మేకులు కొట్టించాడు. డేరాకి కొడతాం చూడు, అవి. బల్తసార్‌ని వెల్లకిలా పడుకోబెట్టించాడు, తడి నేల మీద. చేతులు రెండు మేకులకి, కాళ్లు రెండు మేకులకి." క్రిస్పిన్ ఇక్కడ ఆగాడు. "కట్టమని నాతోనే చెప్పాడు. 'మీ నదోళ్లకి ముళ్లు వెయ్యడం బాగా వచ్చుగా, నువ్వే కట్టు' అన్నాడు."

నేను టైపు ఆపాను.

"ఆపకు. వదులుగానే కట్టా. ఆయన వంగి చూసుకున్నాడు. విప్పించి మళ్లీ కట్టించాడు. రెండోసారి గట్టిగా కట్టా."

ఆ మధ్యాహ్నం ఇంగ్లీషు ఓడల మీంచి ఫిరంగి గుళ్లు పడ్డాయి. అందరూ గుంటల్లోకి దూరారు. బల్తసార్ బయటే ఉన్నాడు. మంచూ వానా కలిసి కురిసింది. ఆరు గంటలు. ఒక్కసారి మాత్రం క్రిస్పిన్ పేరు పెట్టి పిలిచాడట. క్రిస్పిన్ పలకలేదు. పలికితే లేచి వెళ్లాల్సి వస్తుందని పలకలేదు.

"విప్పమన్నప్పుడు నా వేళ్లు కొంకర్లు పోయి ముడి రాలేదు. కత్తితో కోశా. వాడు లేచి కూర్చుని, 'బాగా కట్టావు చామిగో, నా నేస్తం' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కోపం కాదు. ఇంతే. రాశావా?"

"రాశాను."

"దెల్మీరాకి ఈ కట్టిన ముక్క తెలియదు. తెలియనివ్వకు."

సులేమా గారు ఆ వాంగ్మూలం చదివి, లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. మర్నాడు రాజధానికి పట్టుకెళ్లింది. సంఘంలో ఉన్నవాళ్లు దాన్ని చదివారో లేదో గాని, అధికార పక్షంలో ఒక పశువుల ఆసామి ఉండేవాడు, ఆయన బిల్లుకి ఒక సవరణ తెచ్చాడు. చనిపోయిన ప్రతి సైనికుడికీ ఆనాటి అధికారి సంతకంతో ధృవీకరణ పత్రం ఉండాలట. అది ఉంటేనే పింఛను, సవరణ ఒప్పుకుంటేనే ఓట్లు. సంఘానికి సైనిక వ్యవహారాల సలహాదారు ఎవరయ్యా అంటే, పదవీ విరమణ చేసిన కర్నల్ ఓలసాబల్.

ఆయన మా ఊరి ఆఫీసుకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడ దగ్గర సెంటు వాసన. నాకు చాక్లెట్ల పెట్టె ఒకటి తెచ్చాడు. అందరితో మర్యాదగా, మెత్తగా మాట్లాడాడు. వాంగ్మూలం కాగితం జేబులోంచి తీసి, బల్ల మీద పరిచి, వేలితో నిమిరాడు. నేను పక్క గదిలోనే ఉన్నాను. తలుపు తెరిచే ఉంది.

"అబద్ధం అనడం లేదమ్మా నేను," అన్నాడు. "ఆ రోజుల్లో క్రమశిక్షణ అలా ఉండేది. ఇవాళ ఇక్కడ, ఫ్యాను కింద కూర్చుని చదివితే ఘోరంగానే ఉంటుంది."

"అక్కడ ఘోరంగా లేదా?" అంది సులేమా గారు.

"అక్కడ అన్నీ ఘోరమే. చూడండి, ఈ పేరా ఉండగా నేను సంతకం పెడితే నా మీద నేనే కేసు పెట్టుకున్నట్టు. ఈ పేరా లేదనుకోండి, ఆ కుర్రాడు కాల్పుల్లో చలికి దెబ్బతిన్నాడు, ధైర్యంగా నిలబడ్డాడు అని సంతోషంగా రాసిస్తా. మిగతా ముప్పై ఏడు కేసులున్నాయిగా. వాళ్ల అధికారులందరూ నా స్నేహితులే. సగం మందికి చేతులు వణుకుతున్నాయి, కొందరికి మతిమరుపు. నేను పక్కన కూర్చుని పెట్టిస్తే గాని పెట్టరు. మీకు ముప్పై ఎనిమిది సంతకాలు కావాలా, ఒక పేరా కావాలా?"

ఆయన వెళ్లాడు. సులేమా గారు నన్ను పిలిచి, "తోతా, ఆ కుర్చీ తుడువు" అంది. సబ్బునీళ్లు తెచ్చి తుడిచాను. చాక్లెట్లు చెత్తబుట్టలో వేశాను. ఊడ్చే ఆవిడ తీసి తింది. అది ఆవిడ తప్పు కాదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం క్రిస్పిన్ షెడ్డుకి వెళ్లాం. అతను పడవ కింద వెల్లకిలా పడుకుని సందులు చూస్తున్నాడు. సులేమా గారు జరిగినదంతా దాచకుండా చెప్పింది. అతను పడవ కిందనుంచే విన్నాడు. బయటికి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ముప్పై ఎనిమిది ఇళ్లు, దోన్ క్రిస్పిన్," అంది ఆవిడ. "మీరు వద్దంటే వద్దు. బిల్లు వెనక్కి తీసుకుంటాను."

క్రిస్పిన్ బయటికి వచ్చి కూర్చున్నాడు. "ఆ మాట అనకండి దోన్యా సులేమా. ముప్పై ఎనిమిది ఇళ్లు తెచ్చి నా నెత్తిన పెట్టి, వద్దంటే వద్దు అంటే ఎట్టా? నర్సుగా చేశారుగా. కాలు కోసేముందు రోగిని అడుగుతారా, కొయ్యమంటావా వద్దా అని?"

"అడుగుతాం. సంతకం కూడా తీసుకుంటాం."

అతను నవ్వాడు. సంతోషం లేని నవ్వు. "అయితే తీసుకురండి మరి."

పేరా తీసేసి వాంగ్మూలాన్ని మళ్లీ టైపు చేసింది నేనే. అక్కడ ఖాళీ కనిపించకూడదు గనక ఒక వాక్యం కావాల్సి వచ్చింది. సులేమా గారు చెప్పలేకపోయింది. నేనే అల్లాను: "శత్రువు కాల్పుల మధ్య, తీవ్రమైన చలిలో, బల్తసార్ అయాలా ఆరు గంటలపాటు ఆరుబయట ఉండిపోయాడు." ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఆ వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా నాకు నోట్లో చేదు ఊరుతుంది. అంత నున్నగా రాయగలనని నాకే తెలియదు. క్రిస్పిన్ చదవకుండా సంతకం పెట్టాడు. పాత కాపీని నేను ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టుకున్నాను. ధైర్యంతో కాదు, చింపడానికి మనసు రాక.

బిల్లు పాసైంది. ఏప్రిల్ రెండో తారీకున, మాజీ సైనికుల దినం నాడు, మా ఊరి స్కూలు మైదానంలో పత్రాల పంపిణీ పెట్టారు. బ్యాండు మేళం, జెండాలు, మూడు ఎద్దుల మాంసం నిప్పుల మీద కాలుతోంది. దెల్మీరా నల్ల బట్టలేసుకుని మిరియన్‌తో కలిసి ముందు వరసలో కూర్చుంది. ఓలసాబల్ ఒక్కో విధవరాలికీ పత్రం ఇచ్చి, చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. దెల్మీరాకి కూడా పెట్టుకున్నాడు. ఆవిడ "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి కర్నల్ గారూ" అంది.

తర్వాత ఫోటోగ్రాఫరుకి అధికారీ, సైనికుడూ చేతులు కలిపిన బొమ్మ కావాల్సి వచ్చింది. క్రిస్పిన్‌ని వెతికి తెచ్చారు. అతను ఒక చేతిలో మాంసం పళ్లెం, ఇంకో చేతిలో రొట్టె పట్టుకుని వచ్చాడు, చేతులు ఖాళీ లేవు అనిపించుకుందామని. ఎవరో రెండూ లాగేసుకున్నారు.

"కాస్త నవ్వండి దోన్ క్రిస్పిన్, పేపర్లో పడుతుంది," అన్నాడు ఫోటోగ్రాఫరు.

ఓలసాబల్ అతని చేతిని తన రెండు చేతుల మధ్యా పట్టుకున్నాడు. వదల్లేదు. చుట్టూ చూసి, అందరికీ వినపడేలా, "ఈ చేతులు నాకు బాగా గుర్తు. మా దళం మొత్తంలో ముడి ఇంత గట్టిగా వేసేవాడు ఇంకొకడు లేడు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన వెక్కిరించాడా, నిజంగానే మెచ్చుకున్నాడా అని నేను చాలా రోజులు ఆలోచించాను. మెచ్చుకున్నాడనే నా నమ్మకం. ఆ మనిషికి అది ఒక మంచి జ్ఞాపకం.

క్రిస్పిన్ స్కూలు నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు. నేను వీపు నిమిరాను. తర్వాత కుళాయి కింద ఇసకతో చెయ్యి రుద్దుకున్నాడు, తోలు ఎర్రబడేదాకా. "సెంటు వాసన పోదేంటి తోతా, తారు పోతుంది గాని ఇది పోదేంటి" అంటున్నాడు. అప్పటికే దెల్మీరా మా వెనక వచ్చి నిలబడింది.

"కొంపాద్రే," అంది, "ఏం ముడి అది?"

అతను తల ఎత్తలేదు. "ఇంటికి పద. చెప్తా."

నన్ను కూడా రమ్మన్నాడు. దెల్మీరా ఇంటి పెరట్లో, ఆరేసిన హోటల్ దుప్పట్ల మధ్య, నాకు చెప్పినదంతా అదే వరసలో చెప్పాడు. తనకి అనుకూలంగా ఒక్క మాట మార్చలేదు. రెండోసారి గట్టిగా కట్టానన్నదీ చెప్పాడు. పిలిస్తే పలకలేదన్నదీ చెప్పాడు. దెల్మీరా మధ్యలో అడ్డు రాలేదు. అయిపోయాక అడగడం మొదలుపెట్టింది.

"ఎంతసేపు?"

"ఆరు గంటలు."

"నువ్వెక్కడున్నావు?"

"గుంటలో."

"ఎంత దూరం?"

"ఇక్కణ్ణించి నీ గేటు అంత."

ఆవిడ గేటు వైపు చూసింది. "వాన పడితే మణికట్లు నొప్పి అనేవాడు," అంది. "కీళ్లవాతం అనుకుని ఉడుము కొవ్వు కాచి రాసేదాన్ని. పదేళ్లు రాశాను. ఒక్కరోజు కూడా నాతో అనలేదే."

"నన్ను చూసి అనలేదు కొమాద్రే."

"నీకోసం నోరు మూసుకున్నాడన్నమాట." లోపలికి వెళ్లి పత్రం తెచ్చింది. "ఈ సంతకం వాడిదేనా?"

"వాడిదే."

"ఈ చేతినే కదా ముద్దుపెట్టుకున్నాడు." చేతిని లంగాకి తుడుచుకుంది. పత్రాన్ని రెండు చేతులతో పట్టుకుంది. చింపుతుందనే అనుకున్నాను. క్రిస్పిన్ ఒక అడుగు ముందుకి వేశాడు. ఆవిడ అతన్ని చూసి, "భయపడకు, చింపను" అంది. "నా నడుం విరిగిపోయింది. పిల్ల చదువుకోవాలి. వాడి సంతకంతో వచ్చిన తిండే తింటా. తిన్న ప్రతిసారీ వాణ్ణి తిట్టుకుంటా. తోతా, నీకూ ఇదంతా తెలుసా?"

"తెలుసక్కా. నేనే టైపు చేశాను."

"రెండుసార్లూ?"

"రెండుసార్లూ."

"సరే. ఇద్దరూ వెళ్లండి. కొన్నాళ్లు మా గుమ్మం తొక్కకండి."

ఆ కొన్నాళ్లు పద్నాలుగు నెలలైంది.

దేశం దక్షిణ కొసన ఒక కోర్టులో, తమ అధికారుల చేతిలో ఇలాంటి హింసలు పడ్డ మాజీ సైనికులు కొందరు కేసు వేశారని ఆ నెలల్లోనే తెలిసింది. క్రిస్పిన్ నా దగ్గరికి వచ్చి పాత కాపీ ఉందా అని అడిగాడు. ఇచ్చాను. వెళ్లేముందు సులేమా గారికి చెప్పిపోవాలన్నాడు. ఆవిడ విని, "వెళ్లండి. సంతకాలన్నీ అయిపోయాయిగా, ఇక చట్టానికి ఏమీ కాదు" అంది. ఆ మాటలో తప్పు లేదు. అయినా ఆవిడ ముందు జాగ్రత్తగా లెక్క చూసుకుని, ఆ తర్వాత ధైర్యం చెప్పిందని అతనికీ అర్థమైంది, నాకూ అర్థమైంది.

రెండు రోజులు బస్సులో కూర్చుని కోర్టుకి వెళ్లాడు. అవతలి లాయరు అతన్నే నిలదీశాడట.

"కట్టింది మీరేనంటున్నారు. అంటే మీరూ నేరస్థులేగా?"

"రాసుకోండి," అన్నాడట క్రిస్పిన్. "నా పేరు కూడా రాసుకోండి. ఆయన పేరు పక్కనే రాయకండి, కాస్త ఎడం ఉంచండి."

జడ్జి నవ్వు ఆపుకున్నాడట. కేసు మాత్రం అప్పీలు నుంచి అప్పీలుకి పోయింది. కేసు పెట్టే గడువు దాటిందని ఒక కోర్టు, దాటలేదని ఇంకో కోర్టు.

ఎన్నికలు వచ్చాయి. సులేమా గారి కరపత్రాలు అచ్చై, కట్టలు కట్టలుగా ఆఫీసుకి దిగాయి. విప్పి చూస్తే మొదటి పేజీలో ఆ ఫోటోనే. ఓలసాబల్ రెండు చేతుల మధ్య క్రిస్పిన్ చెయ్యి. కింద పెద్ద అక్షరాలతో "గాయాలు మాన్పిన చట్టం".

"దీన్ని ఎవరు ఒప్పుకున్నారు?" అని అడిగాను.

"నేనే," అంది ఆవిడ, తల దించకుండానే. "ఇంకో బిల్లు ఉంది తోతా. బతికున్నవాళ్లకి మనసు వైద్యం, ఊరూరా డాక్టరు. అది పాసైతే ఇంకో బల్తసార్ పోడు. దానికి నేను గెలవాలి. గెలవడానికి ఈ ఫోటో కావాలన్నారు."

"దోన్ క్రిస్పిన్‌ని అడిగారా?"

"అడిగితే వద్దంటాడు."

ఆవిడ గెలిచింది. ఆ రెండో చట్టాన్ని కూడా సాధించింది. ఇవాళ మా ఆసుపత్రిలో వారానికి రెండు రోజులు ఆ డాక్టరు కూర్చుంటాడు, మాజీ సైనికులు వెళ్తున్నారు, మంచే జరుగుతోంది. ఆవిడ చేసింది ఏదీ అబద్ధమని నేను అనలేను. కానీ ఆ రోజు ఆ కరపత్రాలు మడతపెడుతుంటే చేతికి జిగురు అంటుకున్నట్టు అనిపించింది. సాయంత్రానికి రాజీనామా టైపు చేసి బల్ల మీద పెట్టి వచ్చేశాను. అది నేను టైపు చేసిన చివరి కాగితం. ఇప్పుడు బస్టాండు దగ్గర చిపా రొట్టెలు కాల్చి అమ్ముతున్నాను.

ఆ ఏడాదే మునిసిపాలిటీ వాళ్లు ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాజాలో నల్లరాయి ఫలకం నిలబెట్టారు. అన్నిటికన్నా పైన కర్నల్ ఓలసాబల్ పేరు, గౌరవ సలహాదారు అని. దాని కింద మా ఊరి సైనికుల పేర్లు. బల్తసార్ అయాలా పేరు ఏడోది.

దెల్మీరా మునిసిపాలిటీకి వెళ్లి ఆ పేరు తీసెయ్యమని అడిగింది. గుమాస్తా సొరుగులన్నీ వెతికి, "పేరు చేర్చడానికి ఫారం ఉందమ్మా. తీసెయ్యడానికి లేదు" అన్నాడు. మూడుసార్లు వెళ్లింది. మూడోసారి అతను, "అందరూ పేరు ఎక్కించుకోవడానికి కొట్టుకుంటుంటే నువ్వేంటమ్మా" అని విసుక్కున్నాడు.

ఒక ఆదివారం పూజ అయ్యాక, చర్చి నుంచి సరాసరి క్రిస్పిన్ షెడ్డుకి వచ్చింది. తలమీద ముసుగు కూడా తియ్యలేదు. పద్నాలుగు నెలల్లో అదే మొదటిసారి ఆమె అతనితో మాట్లాడడం.

"కొంపాద్రే, రాయి చెక్కే ఉలి ఉందా నీ దగ్గర?"

"కొయ్య చెక్కేదే ఉంది. మొద్దుబారితే బారింది. ఏం కావాలి?"

చెప్పింది. అతను ఉలి, సుత్తి, ఒక స్టూలు తీసుకుని, చొక్కా తొడుక్కుని వెంట నడిచాడు. నేను చిపా బుట్ట పట్టుకుని అటే వెళ్తూ ఉంటే కనిపించారు, వెనకాలే వెళ్లాను. ప్లాజా నిండా జనం, ఆదివారం బ్యాండు వాయిస్తోంది. పట్టపగలు, అందరి ముందూ, క్రిస్పిన్ స్టూలు వేసుకుని కూర్చుని బల్తసార్ పేరు మీద ఉలి పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. చప్పుడుకి బ్యాండు ఆగింది. కొందరు తిట్టారు, తాగాడన్నారు. దెల్మీరా చేతులు కట్టుకుని పక్కనే నిలబడింది. ఆమెని చూసి ఎవరూ అతని మీద చెయ్యి వెయ్యలేదు.

పోలీసు సార్జెంటు బెనీసియో పరుగెత్తుకుంటూ వచ్చేసరికి మూడు అక్షరాలే మిగిలాయి. బెనీసియో తండ్రికి పడవ చేసిచ్చింది క్రిస్పినే.

"దోన్ క్రిస్పిన్, ఏంటిది? చెక్కితే చెక్కారు, ఆ పైవాడి పేరు చెక్కొచ్చుగా. మనోడి పేరు ఎందుకు?"

జవాబు దెల్మీరా చెప్పింది. "వాడి పేరు ఉండనీ. వాడికి ఎవరు రాయి పెట్టారో ఊరంతా చూడాలి. మా ఆయన మాత్రం వాడి కింద ఉండడు. ఒకసారి ఉన్నాడు, చాలు."

బెనీసియో టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఆ మూడు అక్షరాలు కూడా కానివ్వండి. తర్వాత స్టేషనుకి పోదాం. నేను రాసుకోవాలి, తప్పదు."

సాయంత్రం దాకా క్రిస్పిన్‌ని స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టారు. దెల్మీరా అన్నం, మాంసం కలిపి వండిన గిన్నె తెచ్చింది. నేనూ ఉన్నాను. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి తిన్నారు.

"ఉప్పెక్కువైంది కొమాద్రే."

"తిను. ఎక్కువ మాట్లాడకు."

జరిమానా వేశారు. ఎవరు కట్టారో క్రిస్పిన్‌కి చెప్పలేదు. సులేమా గారు మనిషిని పంపిందని బెనీసియో నాతో అన్నాడు. నేనూ క్రిస్పిన్‌కి చెప్పలేదు, తెలిస్తే వెళ్లి వెనక్కి ఇచ్చి వస్తాడు.

రెండేళ్ల తర్వాత ఓలసాబల్ చనిపోయాడు. తన మంచం మీద, మనవల మధ్య. శవపెట్టె మీద జెండా కప్పి, బాకా ఊది సాగనంపారని పేపర్లో పడింది. నిందితుడు లేడు గనక ఆయన మీద కేసు మూసేశారు. ఆ పేపరు నేనే షెడ్డుకి తీసుకెళ్లి చూపించాను. క్రిస్పిన్ తారు కలుపుతున్నాడు.

"దేంతో పోయాడు?" అని అడిగాడు.

"నిద్రలో, గుండె ఆగిందట."

"నిద్రలోనా." తారు చిక్కబడుతోందని మళ్లీ కలపడం మొదలుపెట్టాడు. కాసేపటికి పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

మిరియన్ చదువు అయిపోయింది, రాజధానిలో పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తోంది. దెల్మీరా దుప్పట్లు ఉతకడం మానేసింది. పింఛను నెలనెలా వస్తోంది. ఏడాదికోసారి మాత్రం బ్యాంకులో గుమాస్తా అసలు పత్రం చూపించమంటాడు. పెట్టినవాడు చచ్చినా ఆ సంతకం చెల్లుతుంది. ఆవిడ పత్రాన్ని బల్ల మీద పెట్టి, గుమాస్తా చూసి ఇచ్చేదాకా మొహం గోడవైపు తిప్పుకుని నిలబడుతుంది.